పాతబండి బేరము

మా యింటి వసారాలో ఆఱేండ్లు నిలిచిన మోటారుసైకిలును 2024 సంవత్సరపు కార్తికమాసమున అమ్మివేసితిమి. ఇందులో వ్రాయదగినదేమున్నదని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. పాతచీరలకు స్టీలుగిన్నెలు పుచ్చుకొనునపుడు మన నేర్పు ఇంతింతకాదు. బండి బేరమనగానే మాత్రము అది మగవారి సంగతియని కాఫీగ్లాసులు పళ్లెములో నుంచి లోనికి పోవుదుము. మేమును అట్లే పోయియుందుము. వసారాలో విన్న యొక్క మాట మమ్మును గడపకడనే నిలిపినది.

మాది కృష్ణపట్నము. నెల్లూరికి ఆగ్నేయమున, కండలేరు సముద్రములో గలియు తావు. 2008 జూలైలో పెద్ద ఓడరేవు తెఱచినది మొదలు లారీల రొదయు బొగ్గుపొడియు మా వీధికి చుట్టములైనవి. మావారు బడిలో ఉపాధ్యాయులు. ఇచ్చటివారి నోట అయ్యవారు. మా మఱది రేవులో క్రేను నడిపెడివాడు. అతనికి ఓమాను దేశమున సలాలా రేవులో కొలువు కుదిరి, డిసెంబరు మొదటి తేదీకి విమానపు టిక్కెట్టు వచ్చినది. బండి అమ్ముటకు మాకు మిగిలినది నెలనాళ్లు.

ఆ బండి బజాజు వారి డామినారు 400. 2018 విజయదశమినాడు కొన్నది. 373 ఘన సెంటీమీటర్ల ఇంజిను, నీటిచే చల్లబడునది, ఆఱు గేర్లు, 182 కిలోల బరువు. పాలకును కూరలకును పోవు బండి కాదది. వేగమును దూరప్రయాణపు సుఖమును ఒక్కచోట కలిపి చేసిన జాతి. 1976లో జర్మనీదేశపు బీఎండబ్ల్యూ వారు గాలిసొరంగములో పరీక్షించి నిండుకవచము తొడిగిన ఆర్100ఆర్ఎస్ అను బండిని వెలువరించిరి. ఈ వంశమునకు అది పెద్దన్న వంటిది. మన దేశమున 2003లో వచ్చిన కరిజ్మా కుఱ్ఱవారికి ఈ దూరాభారపు మోజు అంటించినది. మా మఱది దానిపై హంపికి పోయినాడు, కన్యాకుమారికి పోయినాడు, ఒకయేడు లడఖులోని ఖర్దుంగ్‌లా కనుమవఱకు పోయి 17,582 అడుగుల యెత్తునుండి మాకు ఫోను చేసి, ఊపిరాడక మాటలు మ్రింగుచు, “వదినా, ఇక్కడ మంచు!” అన్నాడు. 2021 మే నెలలో ఆనందయ్యగారి మూలికామందు కొఱకు దేశమంతయు మా యూరికి కదలివచ్చి దారులు క్రిక్కిఱిసినపుడు, మా యత్తగారి రక్తపుపోటు మాత్రలను నెల్లూరినుండి తెచ్చినదియు ఈ బండియే. అమ్మివేయుదమన్ననాడు ఆమె మాటాడక దాని సీటుపై చేయి వేసి నిలుచుండెను.

బండి తోలినవాడు మఱదియే గాని, పేరు మాత్రము మావారిది. అప్పు ఇచ్చువారు జీతపు చీటీ అడిగిరి. నెలనెలా జీతమువచ్చు అయ్యవారి చీటీ చెల్లినంతగా రేవు కంట్రాక్టు కూలివాని చీటీ చెల్లలేదు. కావున రిజిస్ట్రేషను పత్రమున యజమాని యని వ్రాయబడినది మావారి పేరే. చాల కుటుంబములలో జరుగునదే యిది. దీని బరువెంతయో అమ్మబోవువఱకు మాకు తెలియలేదు.

ముందుగా కాగితములు వెదకితిమి. అవి మహాభారతపు సంపుటములు పెట్టిన బీరువాలో, పెండ్లిపత్రికల నడుమ దొరకినవి. అప్పు 2021లోనే తీఱినది. అయినను పత్రముపై తనఖా గుఱుతు చెఱపించుట మఱచితిమి. అప్పు తీరినంతమాత్రమున ఆ గుఱుతు తానుగా పోదు. అప్పిచ్చినవారు బాకీ లేదని చీటీ ఇచ్చి, 35వ నంబరు ఫారముపై సంతకము చేయవలెను, దానిని రవాణాశాఖలో దాఖలు చేయవలెను. మూడేండ్లు బీరువాలో మ్రగ్గిన చీటీ చెల్లదనిరి; క్రొత్తది తెచ్చుకొనుటకు మావారికి రెండు సెలవులు ఖర్చైనవి. ఇంట వాయిదాల అప్పు తీర్చిన సోదరీమణులెవరైన నున్నచో, ఈ పుట మూసి ముందు ఆ చీటీ ఎక్కడనున్నదో చూచి రండు.

ఇక బండి నగల సంగతి. ఆఱేండ్లలో మా మఱది దానికి తొడిగిన వస్తువులు అన్నియు కలిపి నలువది వేలకు మించినవి. ప్రక్కలకు అల్యూమినియపు పెట్టెలు, ముందునకు జోడుదీపములు, ఇంజినుకు కాపుగా ఇనుపచట్రము, మెత్తని సీటు, పొడవు అద్దము, అన్నింటికంటె మిన్నగా వీధి మలుపుననే రాక తెలిపెడి మ్రోత సైలెన్సరు. వీని వెలలన్నియు కూడి బండిధరకు చేర్చుదమని అతని లెక్క. మేము పెట్టెలోని మా గాజులజత తెచ్చి చూపితిమి. కొన్నప్పుడు కంసాలి తరుగు వేసెను, మజూరీ వేసెను, రాళ్లకు వేఱుగా వెల కట్టెను. మార్చుకొనబోయిననాడు తరుగు లేదు, మజూరీ లేదు, రాళ్ల బరువు తీసివేసి బంగారము మాత్రమే తూచెను. బండియు అంతే. కొనువాడు తూచునది ఇంజినును, ఏండ్లను, తిరిగిన కిలోమీటర్లను. నీ ముచ్చటకు పెట్టిన నగ అతని ముచ్చట కాదుగదా! ఆ మాటకు అతడు చిన్నబోయినాడు గాని కాదనలేదు.

కావున నగలు ఒలిచితిమి. ప్రక్కపెట్టెలు నెల్లూరిలో నొక ప్రయాణప్రియునికి ఏడువేలకు పోయినవి. దీపములకు గిరాకి రాలేదు. పొరుగింటి పడవకు ఇచ్చితిమి, తెల్లవాఱుజామున వలలు సర్దుకొనుటకు అక్కఱకు వచ్చుచున్నవట. సైలెన్సరు విషయమున మాత్రము చట్టమే అడ్డము. తయారుచేసినవారు పెట్టిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే స్థిరపఱచినది. అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి ఐదువేల జుల్మానా, ఆఱు నెలలవఱకు ఖైదు, లేదా రెండును. కాబట్టి పూర్వపు సైలెన్సరును మరల బిగింపవలసి వచ్చినది.

అది అటకమీద గోనెసంచిలో నుండెను. అంతకు వారము ముందే పాత ఇనుపసామానులకు ఉల్లిపాయలిచ్చువాడు వీధిలోనికి రాగా, మా యత్తగారు దానిని దింపించి తూకము వేయింపబోవుచుండిరి. ఉల్లిపాయలు మొలకలు వచ్చియుండుటచేత బేరము తప్పినది. మొలకెత్తిన ఉల్లి మాకు వేలరూపాయలు మిగిల్చినది.

ఇక్కడ సముద్రతీరపు సోదరీమణులకు ఒక్కమాట. ఉప్పుగాలి మన ఇనుపపెనములను, కిటికీ చువ్వలను ఏమి చేయునో మనకు తెలియును. బండికిని అదే గతి. ఉప్పు తేమను పట్టి యుంచును. ఆ ఉప్పునీటి పొర ఇనుమునందు తుప్పును త్వరపెట్టును, అల్యూమినియమును తెల్లని పొడిగా రాల్చును. మా బండికి ముందు చక్రమును మోయు గొట్టములపై సూదిమొనలవంటి గుంటలు పడినవి. ఆ గుంటలు లోపలి నూనెను కాపాడు రబ్బరును కోయును, నూనె కారును. రేడియేటరు రేకులు అంచులు తెల్లబాఱినవి. బొగ్గుపొడి ఉప్పుతేమతో కలిసి గొలుసుపై నల్లని జిగటయై అతుకుకొనును. దీనికి మందు ఖరీదైనది కాదు. మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గొలుసుకు నూనె పెట్టుట. బోరునీరు ఉప్పనైనచో దానితో కడుగుట అసలు కడుగకుండుటకంటె చెడ్డది. మా మఱది దేశమంతయు తిరిగినాడు గాని వారమునకొకమాఱు రెండుబిందెల మంచినీళ్లు పోయుట అతనికి బరువైనది. ముత్తుకూరులో నొక మెకానిక్కు చూచి, రబ్బరులు, గొలుసు, పండ్లచక్రములు మార్చి తొమ్మిదివేలు పుచ్చుకొనెను. మార్చక ధర తగ్గించుటయా, మార్చి అమ్ముటయా యని తర్జనభర్జన పడి, నూనె కారు బండిని చూచినవాడు లోపల ఇంకేమున్నదో యని జంకునని, మార్చుటకే నిశ్చయించితిమి. అయినను కడిగి తుడిచితిమి గాని ఇంజినుకు రంగు పూయలేదు. క్రొత్తరంగు చూచిన కొనువానికి అనుమానము కలుగును, కలుగవలెను కూడ.

ప్రకటన వ్రాయుట మా పాలికి వచ్చినది. 58,000 కిలోమీటర్లు, ఒక్కచేతి వాడుక, ఏపీ 26 నంబరు, సముద్రతీరమున నుండినది, తుప్పు ఇక్కడిక్కడ కలదు, అని వ్రాసి, “2022లో ఒకమాఱు కుడిప్రక్కకు పడినది, ఇనుపచట్రము వంగినది, చట్రము మార్చబడినది” అని చేర్చితిమి. మఱది మండిపడినాడు. “వదినా, ఇది పెండ్లిచూపులలో పిల్లకు ఒకసారి జ్వరమొచ్చిందని చెప్పినట్టుంది!” అన్నాడు. మావారు నవ్విరి. మేము ఆ వాక్యమును కొట్టివేయలేదు.

పదిదినములలో ఇరువదిమంది పిలిచిరి. ఒకడు తాను సైన్యములో నున్నాననియు, చూడకయే కొందుననియు, ఐదువేలు బయానా పంపుచున్నాననియు చెప్పి, ఫోనునకు చదరపు గుఱుతుబొమ్మ నొకటి పంపి, దానిని స్కాను చేసి పిన్ను నొక్కిన సొమ్ము పడునని తొందరపెట్టినాడు. మావారు కండ్లజోడు వెదకుచుండగా, ఎనిమిదవ తరగతి చదువు మా అమ్మాయి, “నాయనా, డబ్బు రావడానికి పిన్ను దేనికి?” అన్నది. యూపీఐ పిన్ను సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కఱలేదు. అటువైపు ఫోను వెంటనే మూగవోయినది.

తరువాత వచ్చినవాడు గూడూరువైపు బేరగాడు. మాటకారి. బండిని ఒక్కసారి చుట్టివచ్చి, ప్రక్కపెట్టెలతోసహా తొంబదివేలు రొక్కముగా ఇచ్చెదననెను. అప్పటికి పెట్టెలు మా యింటనే యున్నవి. ఎవరును అంత పలికియుండలేదు. మఱది ముఖము వెలిగినది. అప్పుడు వినవచ్చినది మేము మొదట చెప్పిన మాట: “ఫారాలమీద అయ్యవారి చేత సంతకాలు పెట్టించి ఇచ్చేయండి సామీ, తేదీ రాయబాకండి. పేరు మార్పు సంగతి మేం చూసుకుంటాంలే.”

సంతకము చేసిన ఉత్తకాగితమును ఇంటి మగవాడు పరునికి ఇచ్చుచుండగా గడపలోపల నిలుచుండు ఇల్లాలు ఎవరు? మేము బయటికి వచ్చి, “రెండురోజులు గడువీయండి” అంటిమి.

అతడు అట్లడుగుటకు కారణము తెలిసినదే. తన పేరుపైకి ఒకసారి, తాను అమ్మినవాని పేరుపైకి ఒకసారి మార్పించిన రుసుము రెండింతలగును. తేదీలేని సంతకములున్న, వాని చేతినుండి ఎందఱి చేతులు మాఱినను, చివఱివాడెవడో దయదలచి మార్పించుకొనువఱకు ప్రభుత్వపు పుస్తకములో యజమాని మావారే. మఱదికి ఇది తోచలేదు. విమానము తేదీ కండ్లముందున్నది. పదివేలు హెచ్చు ధర. మిగిలిన గొడవ ఎవరు చూచిరి? “ఊళ్లో అందరూ ఇట్టాగే అమ్ముతున్నారు వదినా” అనెను. అది అబద్ధము కాదు. మా యత్తగారును కుమారునివైపే మొగ్గిరి. పోబోవు బిడ్డ మనసు నొప్పించుటెందుకని. ఆ రాత్రి మా యింట భోజనములు మాటలులేకయే ముగిసినవి.

మరునాడు మావారి మిత్రులైన వకీలుగారు సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6వ తేదీన ఇచ్చిన తీర్పొకటి చదువుటకు ఇచ్చిరి. ఒక కారు. మొదటి యజమాని దానిని 2007లోనే అమ్మివేసినాడు. కొన్నవాడు మఱొకనికి, అతడు ఇంకొకనికి అమ్మినాడు. ఎవరును పేరు మార్పించుకొనలేదు. 2009లో అది వెనుకకు నడుచుచు ఒక స్త్రీని, ఆమె వెంటనున్న పిల్లవానిని కొట్టినది. పిల్లవాడు మరణించెను. నష్టపరిహారము ఎవరీయవలెనను ప్రశ్నకు సుప్రీంకోర్టు చెప్పిన ఉత్తరము: పుస్తకములో ఎవరి పేరున్నదో వారే. రెండేండ్లుగా బండి ముఖము చూడనివాడైనను వారే. దెబ్బతిన్నవారు చేతులుమారిన వరుస అంతయు వెదకుకొనుచు తిరుగ నక్కఱలేదని న్యాయమూర్తుల యాశయము. మాకును అది న్యాయముగనే తోచినది. ఆ పిల్లవాని తల్లి ఎంతమంది గుమ్మములు తట్టవలెను?

దీనిని మేము భోజనాలవేళ పైకి చదివితిమి. మఱది సలాలాలో నుండును. సమను వచ్చునది బడికి, మావారి పేరిట. భీమా యున్నదిగదా యనినాడు. ఉన్నది, 2018 సెప్టెంబరు మొదలు క్రొత్త ద్విచక్రవాహనములకు ఐదేండ్ల మూడవపక్షపు భీమా ఒక్కసారే కట్టించిరి, మాది 2023తో ముగిసి ఏటేట కట్టుచుంటిమి. పరునిచేతిలోని బండికి వచ్చే యేడు భీమా ఎవరు కట్టుదురు? అతడు చాలసేపు చేయి కడుగుకొనక కూర్చుండి, “అయితే వాడికి వద్దని చెప్పండి” అనెను. చెప్పితిమి. వాహనములు కొని అమ్ము వర్తకులకు 2023 ఏప్రిల్ మొదలు ప్రభుత్వపు అధికారపత్రము ఏర్పడినది. అట్టి వర్తకునికి అప్పగించి, రవాణాశాఖకు తెలియజేసిన బాధ్యత అతనిదగును. ఆ పత్రమున్నదా యని అడుగగా బేరగాడు నవ్వి, మా కాఫీ త్రాగి వెడలిపోయెను.

చివఱకు అల్లూరునుండి ఒక కుఱ్ఱవాడు తన తల్లితో వచ్చెను. విరాటుని కొలువున గుఱ్ఱములను కనిపెట్టిన నకులుని మేమెఱుగుదుము. ఆ పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి మా నెల్లూరివాడే. ఆనాడు మా వసారాలో నకులుని పాత్ర వహించినది ఆ తల్లి. ఆమె పాలవ్యాపారము చేయునట. పశువులను కొనుటలో తలనెఱసినది. కుమారుడు బండి అందము చూచుచుండగా, ఆమె ముందుగా ఇంజినుపై అఱచేయి పెట్టినది. ముందే వేడిచేసి యుంచిన ఇంజిను తన రోగమును దాచుకొనును. చల్లనిదే నిజము చెప్పును. చల్లగా నున్నది. తరువాత క్రింద నేలపై నూనెచుక్కలు చూచినది. టైర్ల అంచులు తడవినది. అప్పుడు మాకేసి తిరిగి, “ఎప్పుడైనా పడిందా తల్లీ?” యని యడిగెను.

“పడినదమ్మా, ప్రకటనలో వ్రాసితిమి.”

“మావాడు చదివాడు. మీ నోటివెంట వినాలని అడిగినా.”

విన్న తరువాత ఆమె ఊరకుండలేదు సుమీ! పడినందుకు ఐదువేలు తగ్గింపుమనినది. నిజము చెప్పినందుకు మాకు దక్కిన బహుమాన మది. ఎనుబదియాఱుకు మొదలైనది ఎనుబదియొక్క వేలకు తెగినది. కుఱ్ఱవాని లైసెన్సు చూచి, అతని ఆధారుకార్డు మాచేత నుంచుకొని, తల్లిని అరుగుపై కూర్చుండబెట్టుకొని, బండిని ముత్తుకూరు దారిలో తోలిరానిచ్చితిమి. ఆమె ఈలోగా మా యత్తగారికి దూడల జబ్బులకు మందులు చెప్పినది. మాకు దూడలు లేవు.

పేరు మార్పునకు 29, 30 నంబరు ఫారములు కావలెను. రాష్ట్రములోనే అమ్మిన, అమ్మినవారు 14 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను; కొన్నవారికి 30 దినముల గడువు. భీమాను తన పేరిటికి మార్పించుకొనుటకు కొన్నవానికి 14 దినములు. మేము గడువుకు కాచుకొనక, సొమ్ము బ్యాంకులో పడిననాడే అందఱును కూర్చుండి దరఖాస్తు పెట్టితిమి. అంతకుముందు పరివాహనులో చూడగా వేగమునకు వేసిన చలానాలు రెండు బయటపడినవి. మఱది తలవంచుకొని కట్టినాడు. బండి అప్పగించినపుడు తేదీ, గంట, నిమిషము, తిరిగిన కిలోమీటర్లు, తాళముచెవులు రెండు అని రశీదు వ్రాసి ఇరువురి సంతకములు తీసికొంటిమి. ఆ గంట తరువాత జరిగినదానికి ఆ రశీదు సాక్షి. ఇంకొకటి చాలమంది వదలుకొనునది: ప్రమాదసొమ్ము కోరకుండ గడిపిన యేండ్లకు భీమాలో వచ్చు తగ్గింపు బండిది కాదు, మనిషిది. 2022లో పడినపుడు మేము భీమా సొమ్ము కోరలేదు గనుక ఆ తగ్గింపు సగమువఱకు పెరిగియున్నది. మావారు దానికి పత్రము తీసికొనిరి. మూడేండ్లలో స్కూటరు కొన్నచో పనికివచ్చును. ఎవరు నేర్చుకొనబోవుదురో యింకను తేలలేదు గాని, మా అమ్మాయి మా ముఖమే చూచుచున్నది.

పెట్టెలు కలుపుకొన్నను బేరగాడు చెప్పినదానికంటె రెండువేలు తక్కువే వచ్చినది. మఱది విమానమెక్కిన నాల్గవనాడు పేరు మాఱినదని మావారి ఫోనునకు సందేశము వచ్చెను. ఆయన దానిని రెండుమార్లు చదివి, కండ్లజోడు తీసి తుడుచుకొనిరి. వసారాలో బండి నిలిచినచోట నూనెమరక యున్నది. ముగ్గుపిండి చల్లిన కనబడదని మా యత్తగారు అనిరి గాని, తాను చల్లలేదు.

మ్రోత సైలెన్సరు మిగిలిపోయినది. దానిని అమ్మిన కొన్నవానికి జుల్మానా తెచ్చిపెట్టుటే గదా. సలాలానుండి మఱది రెండుసార్లు దాని క్షేమమడిగినాడు. క్రిందటి శనివారము ఉల్లిపాయలవాడు మరల వచ్చెను. ఈసారి మా యత్తగారు మమ్మును పిలిచి, తూకము సరిగా నున్నదో చూడుమనిరి. మూడు కిలోలు వచ్చినవి, మొలకలు లేవు.